సున్నా చూపించిన ఉదయం

రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి ఆ ఇంట్లో రెండు కొలతలు జరిగేవి. ఒకటి, చిగుళ్ళ రంగు పొడీ అందులో కలిపే ద్రావకమూ. రెండోది, ఆయన తాగేది. రెంటినీ కొలిచేది ఆయన భార్యే. గీతలున్న గ్లాసులు వేరైనా, వంగి కంటికి ఎదురుగా పెట్టుకుని చూసే పద్ధతి ఒక్కటే.

ఆయన కట్టుడు పళ్ళు చేస్తాడు. వీధిలో అందరికీ ఆయన ‘పళ్ళాయన’. ముప్పై రెండేళ్ళుగా నాలుగు పళ్ళ ఆసుపత్రుల నుంచి నోటి అచ్చులు ఆయన దగ్గరికే వస్తున్నాయి. ఇంటి ముందుగదే పనిగది. గోడ పొడుగునా అరల్లో తెల్లటి దవడలు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు, ఇన్ని నోళ్ళూ తమని చూసే నవ్వుతున్నాయనుకుని కాసేపు సర్దుకు కూర్చుంటారు. మైనంలో ముందరి ఆరు పళ్ళూ అమర్చటమే ఈ పనిలో అసలు పని. వెంట్రుకవాసి తేడా వస్తే మనిషి ముఖమే మారిపోతుంది. ఆ పని ఆయన సరిగ్గా తొమ్మిదికి మొదలుపెట్టేవాడు. కొలత కడుపులో పడ్డ అరగంటకి చెయ్యి నిలబడేది మరి.

‘కొలత’ అన్న పేరు ఆవిడ పెట్టిందే. పదమూడేళ్ళ కిందట ఒక పొద్దున్న ఆయన చెయ్యి వణికి, మైనంలోంచి పన్ను జారి కిందపడింది. మనిషి బిక్కచచ్చిపోయాడు. ఆవిడ రాత్రి మిగిలిన సీసాలోంచి రెండో గీత దాకా పోసి చేతిలో పెట్టింది. చెయ్యి నిలబడింది, పన్నూ నిలబడింది. ఆ రోజు నుంచి అది ఇంటి వాడుకైపోయింది. తాగుబోతంటే సీసా ఎత్తి తాగేవాడు, రోడ్డు మీద పడేవాడు, పెళ్ళాన్ని తన్నేవాడు. కొలిచి పోస్తే కూర్చుని తాగే పెద్దమనిషి తాగుబోతెలా అవుతాడని ఆవిడ ధీమా. రెండో గీత మూడోదైంది, మూడోది గ్లాసు అంచైంది, మధ్యాహ్నం ఒకటీ సాయంత్రం రెండూ వచ్చి చేరాయి. ఆవిడ చూడలేదని కాదు. కొలుస్తూనే ఉన్నాను కదా అనుకుంది. కొలత తప్పకపోతే పని చెడదని ఆ గది నేర్పిన పాఠాన్ని తీసుకొచ్చి మొగుడి మీద పెట్టింది.

ఆ రోజు కూడా అలాగే గ్లాసు అందించి, చెప్పులు వేసుకుంటూ అంది.

“ఏవండీ, ఇవాళ మా చెల్లెలి కంటి ఆపరేషను. సాయంత్రానికి గానీ రాను. మూడింటికి పిడుగుని బడి నుంచి మీరే తేవాలి. గుర్తుందిగా?”

“గుర్తుంది.”

“మధ్యాహ్నానిది కొలిచి అలమరలో పెట్టాను. ముందే తాగేసి కూర్చోకండి.”

“నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?”

“చిన్నపిల్లలైతే చెప్పిన మాట వింటారు.”

ఆయన నవ్వి మైనం దీపం వెలిగించుకున్నాడు. పిడుగంటే కూతురి కూతురు, ఆరేళ్ళది. తల్లీ తండ్రీ ఉద్యోగాల నుంచి వచ్చేదాకా అది ఈ పనిగదిలోనే ఉంటుంది. పనికిరాని దవడలన్నిటికీ పేర్లు పెట్టి వాటితో బడి ఆట ఆడుకుంటుంది. ఆ మనిషికి ప్రాణమంతా దాని మీదే.

కూతురు బస్సు డిపోలో పని చేస్తుంది. ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలో రాసేది ఆమె. బండి తాళం ఇచ్చే ముందు ప్రతి డ్రైవరూ ఆమె ఎదుట, తాగాడో లేదో చెప్పే గొట్టంలో ఊదాలి. సున్నా వస్తే తాళం, రాకపోతే ఇంటికి. తొమ్మిదేళ్ళుగా ఆ కిటికీ దగ్గర కూర్చుని ఆమె వినని కథ లేదు. దగ్గుమందు తాగానమ్మా అనేవాడొకడు, చెయ్యి వణుకుతోంది జ్వరమమ్మా అనేవాడొకడు, కళ్ళు తిరిగి అక్కడే కూలబడి రెండు నిమిషాల్లో లేచి బజ్జీల బండి దగ్గర నిలబడేవాడొకడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషని డిపోలో ఆమెకి పేరు. తండ్రి తాగుతాడని తెలుసు. ఎంతో తెలియదు, ఎందుకంటే తల్లి ఎప్పుడూ “కొంచెమేనే, కొలతే” అనేది.

సాయంత్రం అయిదవుతుండగా బడి నుంచి ఫోనొచ్చింది. “మీ పాప ఇంకా గేటు దగ్గరే ఉందమ్మా.”

ఆమె ఆటోలో పరుగెత్తుకెళ్ళింది. పిడుగు కాపలా ఆయన కుర్చీలో కాళ్ళూపుకుంటూ కూర్చుని ఉంది. ఏడవటం లేదు. “తాతకి పళ్ళ పని ఎక్కువై ఉంటుందిలే అమ్మా” అంది. వీధి మలుపులో మూసి ఉన్న కొట్టు మెట్ల మీద తండ్రి కనిపించాడు. చొక్కా గుండీలు తప్పు కన్నాల్లో ఉన్నాయి. మనవరాలిని చూసి లేవబోయి లేవలేకపోయాడు.

ఇంటికి తీసుకొచ్చాక, తల్లి కూడా వచ్చాక, పిల్లని లోపలి గదిలోకి పంపి తలుపు వేసింది.

“రెండు గంటలు నాన్నా. ఆరేళ్ళ పిల్ల రోడ్డు పక్కన రెండు గంటలు. ఎవడన్నా చెయ్యి పట్టుకుని తీసుకుపోతే ఏం చేసేవాడివి?”

ఆయన చొక్కా గుండీలు సరిచేసుకోబోయాడు.

“ఇవాళేదో పొరపాటు జరిగిందే. ఆయన ఎప్పుడూ అలా...” అంది తల్లి.

“నువ్వు ఊరుకో అమ్మా. పదమూడేళ్ళు నీ చేత్తో పోశావు, ఇప్పుడు పొరపాటంటావా?”

“మానేయమని నేను అడగలేదనుకున్నావా? చెయ్యి వణికితే పని పోతుందే. పనిపోతే ఆయన బతకడు.”

“పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం. ఆ సీసాలన్నీ ఇటు తే.”

ఆమె వంటింటి తొట్టిలో ఒక్కొక్కటే వంచేసింది. అలమరలోవి, పనిగది బల్ల కిందవి, తల్లికి కూడా తెలియకుండా బియ్యం డబ్బా వెనక దాచినవి రెండు. తర్వాత తండ్రి ముందు కూర్చుంది.

“విను నాన్నా. ఇవాళ్టితో ఆఖరు. ఇంకొక్క చుక్క తాగావంటే పిడుగు ఈ గడప తొక్కదు. అది కావాలో ఇది కావాలో తేల్చుకో.”

ఆయన తలెత్తాడు. “అదే కావాలి” అన్నాడు. “ఒట్టు. ఇక ముట్టను.”

ఆ మాట మీద ఆయన నిజంగానే నిలబడ్డాడు. ఈ కథలో ఘోరమంతా అక్కడే ఉంది.

కూతురు పిడుగుని మొగుడికి అప్పజెప్పి, సెలవు పెట్టి పుట్టింట్లోనే ఉండిపోయింది. డిపో నుంచి ఊదే గొట్టం ఒకటి అడిగి తెచ్చుకుంది. మర్నాడు మధ్యాహ్నం ఊదించింది. సున్నా. సాయంత్రం ఊదించింది. సున్నా. ఆమె మొహంలో ఎన్నేళ్ళకో వెలుగొచ్చింది. “చూశావా అమ్మా? మనసుంటే మానటం ఎంత పని?”

ఆయన చేతులు అప్పటికే ఆకుల్లా కొట్టుకుంటున్నాయి. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. టీ గ్లాసు నోటి దాకా రాలేదు. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు. తెల్లారాక పనిగదిలోకి వెళ్ళి, మైనం పట్టీ మీద ఏదో దులపటం మొదలుపెట్టాడు.

“ఏం చేస్తున్నారు?” అంది భార్య.

“చీమలే. మైనం నిండా చీమలు. ఎన్ని దులిపినా వస్తున్నాయి.”

మైనం మీద ఏమీ లేదు. ఆవిడ కూతురి దగ్గరికి పరుగెత్తింది.

“వాళ్ళింట్లో వీళ్ళింట్లో అడిగైనా ఒక్క రెండు గీతలు తెస్తానే. ఆయన వాలకం బాగాలేదు.”

“అదే కదమ్మా ఆయనకి కావలసింది. మా డిపోలో రోజూ చూస్తాను ఈ వేషాలు. కళ్ళు తేలేస్తారు, కాళ్ళు పట్టుకుంటారు. ఒక్కసారి లొంగావా, మళ్ళీ మొదటికే.”

“ఇది వేషం కాదే. నేను కాపరం చేసినదాన్ని, నాకు తెలుసు.”

“నీకు తెలిసే ఇక్కడి దాకా వచ్చింది.”

కూతురు గొట్టం తీసుకుని తండ్రి దగ్గరికి వెళ్ళింది. ఆయన దాన్ని పట్టుకోలేకపోతే తనే నోటికి ఆనించింది. సున్నా వచ్చింది. గది తలుపు దగ్గరికి వేసి, కాసేపు పడుకోమని చెప్పి, వంటింట్లోకి వచ్చి కూర్చుంది. లోపల్నుంచి రెండుసార్లు “అమ్మలూ” అని పిలుపు వినిపించింది. ఆమెని చిన్నప్పుడు ఆయన అలా పిలిచేవాడు. ఆమె లేచి రేడియో గొంతు పెంచింది.

పది నిమిషాల తర్వాత అరలు కూలిన చప్పుడైంది. తలుపు తీసేసరికి ఆయన నేల మీద విల్లులా వంగి కొట్టుకుంటున్నాడు. నోటి వెంట నురగ, నురగలో నెత్తురు. చుట్టూ తెల్ల దవడలు పగిలి పడి ఉన్నాయి. తల్లి అరుపుకి ఎదురింటివాళ్ళు వచ్చారు. అంబులెన్సు వచ్చేలోపు ఇంకోసారి ఫిట్సు వచ్చాయి.

ఆసుపత్రిలో ఆయనకి రెండురోజులు తెలివి సరిగ్గా లేదు. మంచానికి గుడ్డపట్టీలతో చేతులు కట్టారు. నరాల్లోకి మందులు, విటమిన్లు ఎక్కిస్తూనే ఉన్నారు. మూడోరోజు ప్రమాదం దాటిందన్నాక, మానసిక వైద్యురాలు కూతుర్ని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. నెరిసిన జుట్టు, అరిగిన చెప్పులు, నెమ్మది గొంతు. కూతురు గొట్టం సంగతంతా చెప్పుకొచ్చింది.

“సున్నా ఉంది డాక్టరుగారూ. మూడుసార్లు చూశాను. ఒంట్లో చుక్క లేదు. మరి ఎందుకిలా అయింది?”

“చుక్క లేకే అయిందమ్మా” అంది డాక్టరమ్మ. “మెదడులో జోకొట్టే సరుకొకటి, మేలుకొలిపే సరుకొకటి ఉంటాయి. మద్యం ఇన్నేళ్ళూ జోకొడుతూ వచ్చింది. దానికి తట్టుకుని మేలుకుని ఉండాలి కాబట్టి మెదడు తన సొంత జోల తగ్గించుకుంది, అరవటం పెంచుకుంది. మీరు ఒక్కరోజులో జోకొట్టే చేతిని తీసేశారు. అరుపు మిగిలింది. ఆ అరుపే వణుకు, ఆ చీమలు, ఆ ఫిట్సు. మీ గొట్టం ఒంట్లో ఎంతుందో చెప్తుంది గానీ మెదడు దేనికి అలవాటు పడిందో చెప్పదు.”

“అయితే మానిపించటం తప్పా?”

“మానటం తప్పు కాదు. ఇన్నేళ్ళు ఇంత తాగిన మనిషి ఇంట్లో, మందుల్లేకుండా, ఒక్కసారిగా మానటం తప్పు. ఇక్కడికి తెచ్చి ఉంటే మేమే మెల్లిగా దింపేవాళ్ళం. ఇలా వచ్చినవాళ్ళలో అందరూ బతకరు.”

కూతురు రెండు చేతులతో మొహం కప్పుకుంది. డాక్టరమ్మ ఓదార్చలేదు. కాసేపు పక్కనే కూర్చుని, తర్వాత లేచి వెళ్ళింది.

అయిదోరోజు ఉదయం డాక్టరమ్మ కాగితాలతో మంచం దగ్గరికి వచ్చింది. ఆయన దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. నాలుక కొరుక్కున్నచోట ఇంకా వాపుంది. ఒకపక్క భార్య, ఇంకోపక్క కూతురు.

“ఇవి పదకొండు ప్రశ్నలు. గడిచిన పన్నెండు నెలల సంగతే అడుగుతాను. రెండు మూడు అవునంటే జబ్బు చిన్నది, నాలుగైదంటే మధ్యరకం, ఆరు, ఆపైన అయితే తీవ్రం. అనుకున్నదానికంటే ఎక్కువ తాగిన రోజులున్నాయా?”

“లేవండి” అంది భార్య. “నేనే కొలిచి పోస్తాను.”

“మానేద్దామని చూసి మానలేకపోవటం?”

“ఆయన ఎప్పుడూ అలా...”

“మునుపటి కొలత చాలక పెంచాల్సి రావటం?”

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది. ఆయన భార్య చేతి మీద చెయ్యి వేశాడు.

“నన్ను చెప్పనీవే” అన్నాడు. “అన్నిటికీ అవునని రాసుకోండమ్మా. ఆవిడ కొలత అయ్యాక నా కొలత వేరే ఉండేది. బియ్యం డబ్బా వెనక. మానేద్దామని ఈ ఏడాది నాలుగుసార్లు చూశాను. రెండోపూటకి చెయ్యి వణికేది, భయమేసేది.”

“అన్నిటికీ అని రాయకూడదు, విడివిడిగా అడగాలి. తాగాలని లోపల్నుంచి తోసుకొచ్చేదా?”

“వేరే ఆలోచన ఉండేది కాదు.”

“బాగుండేదా తాగితే?”

ఆయన నవ్వాడో మూలిగాడో తెలియలేదు. “దాని రుచి నాకు పోయి పదేళ్ళయిందమ్మా. గ్లాసు చూస్తే వాంతి వస్తుంది. అయినా చెయ్యి అటే పోతుంది. ఇష్టం లేనిదాని కోసం మనిషి ఇంత దిగజారతాడా అని నాకే అర్థం కాదు.”

“ఇష్టపడటం వేరు, కావాలనిపించటం వేరు” అంది డాక్టరమ్మ రాసుకుంటూ. “మెదడులో రెండు దారులు. మొదటిది మూసుకుపోయినా రెండోది అరిగి నున్నబడి తెరుచుకునే ఉంటుంది. ఇందులో మీ దిగజారుడేమీ లేదు. సరే, తాగటం వల్ల ఇంట్లో చెయ్యాల్సిన పని చెయ్యలేకపోవటం?”

ఆయన కూతురి వైపు చూడలేదు. దుప్పటి మీది మడత చూస్తూ చెప్పాడు.

“ఆ రోజు నేను మర్చిపోలేదమ్మా. రెండున్నరకే బయల్దేరాను. మధ్యాహ్నానిది పొద్దున్నే తాగేశాను, ఇంక ఇంట్లో తాగకూడదనుకున్నాను. బడి వీధిలోకి వచ్చేసరికి చేతులు కొట్టుకోవటం మొదలైంది. అక్కడ పెద్ద రోడ్డు దాటాలి, లారీలు వస్తాయి. ఈ చేత్తో పిల్లని పట్టుకుంటే జారిపోతుందేమోనని భయమేసింది. చెయ్యి నిలబడటానికి ఒక్కటి తాగుదామని బ్రాందీ కొట్టుకెళ్ళాను. ఒక్కటి చాల్లేదు. రెండోదీ చాల్లేదు. మూసి ఉన్న కొట్టు మెట్ల మీద కూర్చుని బడి గంట కొట్టటం కూడా విన్నాను. లేవలేకపోయాను.” ఆ మడతని వేలితో నొక్కాడు. “ఇది సాకు కాదు. జరిగింది చెప్తున్నాను.”

కూతురు కిటికీ వైపు తిరిగి నిలబడింది. తొమ్మిదేళ్ళు కిటికీకి అవతలివాళ్ళ కథలు విని పెదవి విరిచిన మనిషి. ఇది కథ కాదని ఆమెకి మొదటి మాట దగ్గరే తెలిసిపోయింది. దానికంటే దుర్భరమైంది ఇంకొకటి లోపల ఉంది. దాన్ని ఇక మొయ్యలేకపోయింది.

“నాన్నా, నువ్వు పిలిచావు” అంది. “ఆ పొద్దున్న. అమ్మలూ అని రెండుసార్లు పిలిచావు. నాకు వినిపించింది. నాటకమనుకుని రేడియో గొంతు పెంచాను.”

“నాకు గుర్తులేదు తల్లీ.”

“నాకుంది.”

భార్య అప్పటికే ఏడుస్తోంది. “నేను పోశాను, ఇది ఆపింది. ఇద్దరమూ మీ మంచికే అనుకున్నాం” అంది. డాక్టరమ్మ కాగితం మడిచి, పదకొండులో పది వచ్చాయని, తీవ్రమైనదని, కోరిక తగ్గించే మాత్ర మొదలుపెడతానని చెప్పింది. మళ్ళీ జారే అవకాశం చాలా ఉందని, జారితే దాచకుండా రావాలని కూడా చెప్పింది. ఆ గొంతులో తీపీ లేదు, చేదూ లేదు.

డాక్టరమ్మ వెళ్ళిన కాసేపటికి కూతురి ఫోను మోగింది. అల్లుడి నంబరు, పిడుగు గొంతు. తాతకే ఇవ్వమని పట్టుబట్టింది. ఆమె ఫోనుని తండ్రి చెవి దగ్గర పట్టుకుంది.

“తాతా, నాలుక కొరుక్కున్నావంట కదా.”

“అవునమ్మా. మన పళ్ళు గట్టివి.”

“సోమవారం బడికి నువ్వొస్తావా?”

కూతురి చెయ్యి ఫోను మీద బిగుసుకుంది. తండ్రి సమాధానం ఆమెకి కంఠతా వచ్చు. వస్తా తల్లీ, ఒట్టు. పుట్టినప్పటి నుంచి తను వింటున్నది అదే, తనూ అడిగి అడిగి వేయించుకున్నది అదే.

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

“రాను తల్లీ” అన్నాడు. “తాతకి తాగే జబ్బుంది. నీ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటటం ఇప్పుడు నావల్ల కాదు. అమ్మమ్మ వస్తుంది.”

“మరి తగ్గాక?”

“తగ్గుతుందో లేదో ఇంకా తెలీదు. తెలిస్తే ముందు నీకే చెప్తాను.”

“సరే. ఆ రోజు కూడా ఇలాగే చెప్పి ఉంటే, నేను టీచరుగారితో అమ్మకి ఫోను చేయించేదాన్ని కదా తాతా” అంది పిడుగు. తర్వాత వాళ్ళ నాన్న పిలిస్తే వెళ్ళిపోయింది.

కూతురు మంచం పక్కన కూలబడి, తండ్రి దుప్పటిలో తల దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తాగనని ఒట్టు పెట్టమంది గానీ, ఎలా ఉంది నాన్నా అని ఈ మనిషిని తను ఎన్నడూ అడగలేదు. కాసేపటికి తల మీద ఆయన చెయ్యి పడింది. ఇంకా వణుకుతూనే ఉంది. ఆమె ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

“ఎలా ఉంది నాన్నా?”

“బాగాలేదమ్మా” అన్నాడాయన.

ఆమె తలూపి, కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని, ఆ చేతిని అలాగే పట్టుకుని కూర్చుంది.